మీ ఇంటి వైఫైలో ఎవరెవరు ఉన్నారు? ఫోన్ నంబర్ పాస్‌వర్డ్ నుంచి పోలీసు నోటీసు దాకా

ఎల్లారెడ్డి (కామారెడ్డి జిల్లా): నెట్ కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన అబ్బాయి గోడకు డబ్బా బిగించి, వైరు కలిపి, చివర్లో ఒక మాట అడుగుతాడు. పాస్‌వర్డ్ ఏం పెట్టాలి? చాలా ఇళ్లలో వెంటనే వచ్చే జవాబు ఇంటి పెద్ద ఫోన్ నంబర్. లేదంటే పెద్దబ్బాయి పుట్టిన తేదీ. అదీ కాకపోతే పేరు పక్కన 786. రెండేళ్లు గడిచినా ఆ పాస్‌వర్డ్ మారదు. ఈలోపు అది పక్కింటికి, పై అంతస్తులో కిరాయికి ఉన్నవాళ్లకు, ఈద్‌కు వచ్చిన చుట్టాలకు, వాళ్ల పిల్లలకు, ఆ పిల్లల దోస్తులకు చేరిపోతుంది.

నెట్ ఎలాగూ అన్‌లిమిటెడ్ కదా, ఎవరో కాస్త వాడుకుంటే మనకేం పోతుంది అని చాలామంది అనుకుంటారు. డేటా పోవడం ఇందులో చిన్న సంగతి. ఆ డబ్బా నుంచి బయటకు వెళ్లే ప్రతి పనీ, కనెక్షన్ ఎవరి ఆధార్ మీద తీసుకున్నారో వాళ్ల ఖాతాలోనే పడుతుంది. ఎల్లారెడ్డి, లింగంపేట, నాగిరెడ్డిపేట, గాంధారి వైపు గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన ఇళ్లు చాలానే ఉన్నాయి. కనెక్షన్ దుబాయ్‌లోనో దమ్మామ్‌లోనో ఉన్న కొడుకు పేరు మీద ఉంటుంది. ఇక్కడ వాడేది అమ్మీ, దుల్హన్, పిల్లలు. ఏదైనా తేడా జరిగితే కాగితం మీద కనిపించేది మాత్రం ఆ కొడుకు పేరే.

2008లో ఏం జరిగింది?

2008 జూలై 26న అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్లు జరిగాయి. దానికి కొద్ది నిమిషాల ముందు మీడియా సంస్థలకు ఒక ఈమెయిల్ వచ్చింది. అది ఏ ఐపీ అడ్రస్ నుంచి వచ్చిందో వెతికితే నవీ ముంబైలోని సాన్‌పాడాలో ఒక ఫ్లాట్ తేలింది. అందులో కిరాయికి ఉంటున్నది ఒక అమెరికా దేశస్థుడు. మహారాష్ట్ర ఏటీఎస్ ఆయన కంప్యూటర్లను తీసుకెళ్లి పరీక్షించింది, ఆయన్ను ప్రశ్నించింది. చివరకు తేలిందేమిటంటే, ఆయన ఇంటి వైఫైకి సరైన రక్షణ లేదు. బయటివాళ్లు దాన్ని వాడుకుని మెయిల్ పంపారు.

అదే ఏడాది ఆగస్టు 23న వచ్చిన ఇంకో మెయిల్ ముంబైలోని ఖాల్సా కాలేజీ నెట్‌వర్క్ నుంచి వెళ్లింది. సెప్టెంబర్ 13న ఢిల్లీ పేలుళ్లప్పుడు వచ్చిన మెయిల్ చెంబూర్‌లోని ఒక ప్రైవేటు కంపెనీ వైఫై నుంచి వెళ్లింది. మూడు చోట్లా నెట్ యజమానులకు ఆ పనితో సంబంధం లేదు. ఈ ఘటనల తర్వాత 2009 ఫిబ్రవరిలో కేంద్ర టెలికాం శాఖ, వైఫైని రక్షణ లేకుండా వదిలేయకూడదని, వాడేవాళ్లను గుర్తించే ఏర్పాటు ఉండాలని ఇంటర్నెట్ కంపెనీలకు ఆదేశాలిచ్చింది.

సాన్‌పాడా ఫ్లాట్‌లో ఉన్నది మన కుర్రాడై ఉంటే సంగతి ఎలా ఉండేదో వేరే చెప్పనక్కరలేదు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక హైదరాబాద్‌లో ఎంతోమంది ముస్లిం యువకులను పట్టుకెళ్లారు. తర్వాత వాళ్లను కోర్టులు నిర్దోషులని వదిలేశాయి. కానీ పోయిన చదువులు, ఉద్యోగాలు, పెళ్లి సంబంధాలు కోర్టు తీర్పుతో తిరిగి రాలేదు. నిర్దోషి అని తేలడం ఒకటి, అసలు అనుమానమే రాకుండా చూసుకోవడం ఇంకొకటి. రెండో పని చాలావరకు మన చేతిలోనే ఉంది. దానికి ఖర్చు కూడా లేదు, అరగంట టైమ్ చాలు.

నేరం డబ్బా దాకా ఎలా వస్తుంది?

ఇప్పుడు ఎక్కువగా జరిగేవి డబ్బు మోసాలు. నకిలీ లోన్ యాప్‌లు, పార్ట్ టైమ్ జాబ్ పేరుతో వసూళ్లు, ఫేక్ ప్రొఫైల్ పెట్టి ఆడపిల్లలను బెదిరించడం లాంటివి. బాధితులు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇస్తారు. దర్యాప్తు చేసేవాళ్లు ఆ ఖాతా ఏ ఐపీ అడ్రస్ నుంచి, ఏ తేదీన, ఎన్ని గంటలకు తెరిచారో ముందు తెలుసుకుంటారు. తర్వాత ఆ ఐపీ ఎవరికి ఇచ్చారని నెట్ కంపెనీని అడుగుతారు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు తమ లాగ్‌లను 180 రోజులు దాచి ఉంచాలి.

ఒకే ఐపీని చాలామంది కస్టమర్లకు పంచే పద్ధతి కూడా ఉంది. అయినా టైమ్, ఇతర వివరాలు సరిగ్గా ఉంటే కంపెనీ కస్టమర్ పేరు చెప్పగలదు. అయితే కంపెనీ లెక్క మీ ఇంటి డబ్బా దగ్గరే ఆగిపోతుంది. డబ్బా లోపల ఆ క్షణంలో ఏ ఫోన్ వాడారు, అది ఇంటివాళ్లదా, గల్లీలో నిలబడ్డవాడిదా అన్నది కంపెనీకి తెలియదు. ఇంటి రౌటర్లలో చాలావాటికి కరెంటు పోతే పాత లెక్కలు చెరిగిపోతాయి. అంటే మూడు నెలల తర్వాత ఎవరైనా వచ్చి అడిగితే, ఆ పని చేసింది మేము కాదు అని చూపించడానికి ఇంట్లో ఏ ఆధారమూ మిగలదు. అసలు చిక్కు ఇదే.

లోపలికి వచ్చినవాడు ఏం చేయగలడు, ఏం చేయలేడు?

అనవసరంగా భయపడాల్సిన పని కూడా లేదు. వాట్సాప్ మెసేజ్‌లు, బ్యాంకు యాప్, ఫోన్‌పే లాంటివి తమ సమాచారాన్ని తాళం వేసిన పెట్టెలో పెట్టినట్టు పంపుతాయి. మీ వైఫైలో చేరినంత మాత్రాన ఎవరూ మీ యూపీఐ పిన్ చదవలేరు, మీ వాట్సాప్ మాటలు వినలేరు.

కానీ వాడు చేయగలిగినవి చాలా ఉన్నాయి. మీ పేరు మీద నెట్ వాడుకుంటాడు. పెద్ద పెద్ద సినిమాలు దింపుకుంటే మీ ఇంట్లో పిల్లల ఆన్‌లైన్ క్లాస్ ఆగి ఆగి వస్తుంది. అదే నెట్‌వర్క్‌లో ఉన్న సీసీ కెమెరా, దాని డీవీఆర్, స్మార్ట్ టీవీ, ప్రింటర్ వాడికి కనిపిస్తాయి. కెమెరా పాస్‌వర్డ్ మార్చకుండా ఉంటే దాన్ని తెరవగలడు. రౌటర్ సెట్టింగ్స్‌కు పాత పాస్‌వర్డే ఉంటే అందులోకి వెళ్లి డీఎన్‌ఎస్ అనే అంకె మారుస్తాడు. డీఎన్‌ఎస్ అంటే ఊళ్లో చిరునామా చెప్పేవాడి లాంటిది. అది మారితే మీరు ఒక వెబ్‌సైట్ పేరు కొడితే వాడు చెప్పిన నకిలీ పేజీకి వెళ్తారు. బ్రౌజర్ ఈ సైట్ సురక్షితం కాదని హెచ్చరిస్తుంది కానీ, చాలామంది దాన్ని చదవకుండా ముందుకు నొక్కేస్తారు.

ఫోన్ నంబర్ ఎందుకు పనికిరాదు?

ఎవరో మన గేటు ముందు నిలబడి ఒక్కో నంబర్ కొడుతూ కూర్చుంటారా అని అడగొచ్చు. అలా చేయరు. మీ ఫోన్ వైఫైకి కలిసే ప్రతిసారీ ఫోన్‌కూ డబ్బాకూ మధ్య గాలిలో ఒక చిన్న పలకరింపు జరుగుతుంది. దగ్గర్లో ల్యాప్‌టాప్ ఉన్నవాడు దాన్ని రికార్డు చేసుకోగలడు. పాస్‌వర్డ్ అందులో నేరుగా ఉండదు. కానీ ఇంటికెళ్లి, కంప్యూటర్‌తో ఒక్కో పాస్‌వర్డ్ వేసి ఆ రికార్డుతో సరిపోతుందా అని చూసుకోవచ్చు. ఇక మీ గల్లీలో వాడికి పని లేదు.

లెక్క చూడండి. గేమ్స్ ఆడే కంప్యూటర్‌లోని ఒక గ్రాఫిక్స్ కార్డు సెకనుకు 4 లక్షల పాస్‌వర్డ్లు పరీక్షిస్తుందని అనుకుందాం. ఇది పాత కార్డుల వేగం, కొత్తవి ఇంకా ఎక్కువ చేస్తాయి.

పుట్టిన తేదీ: వందేళ్లలో ఉన్న తేదీలు దాదాపు 36,500. ఒక్క సెకను కూడా పట్టదు.

ఎనిమిది అంకెలు ఏవైనా: మొత్తం 10 కోట్లు. 250 సెకన్లు, అంటే నాలుగు నిమిషాల పైన కొంచెం.

మొబైల్ నంబర్: మన దేశంలో 6, 7, 8, 9తో మొదలవుతాయి కాబట్టి మొత్తం 400 కోట్లు. 10 వేల సెకన్లు. మూడు గంటలు కూడా కాదు. మీ నంబర్ తెలిసినవాడికైతే ఒక్క ప్రయత్నం చాలు.

సంబంధం లేని నాలుగు మాటలు: రెండు వేల మాటల జాబితా నుంచి చీటీ తీసినట్టు నాలుగు తీస్తే 16 లక్షల కోట్ల రకాలు వస్తాయి. 4 కోట్ల సెకన్లు, అంటే ఏడాదికి పైగా.

అలాంటివే ఐదు మాటలు: ఇంకో రెండు వేల రెట్లు పెరుగుతుంది. రెండున్నర వేల సంవత్సరాలు దాటుతుంది.

ఒక్క మాట కలిపితే ఏడాది కాస్తా వేల ఏళ్లు అయింది. అందుకే గుర్తుపెట్టుకోలేని గజిబిజి గుర్తుల కంటే పొడుగు పాస్‌వర్డ్ మేలు. మట్కా, రైలు, చింతపండు, గొడుగు, సోమవారం లాంటి మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాస్తే అమ్మీ కూడా చెప్పగలదు, బయటివాడు ఊహించలేడు. ఇక్కడ అచ్చయిన ఈ ఐదు మాత్రం వాడొద్దు, మీవి మీరు తీసుకోండి. పాట పల్లవి, సినిమా డైలాగ్, అందరికీ తెలిసిన దువా మొదటి మాటలు కూడా వద్దు. 2009లో రాక్‌యూ అనే అమెరికా కంపెనీ నుంచి 3 కోట్ల 20 లక్షల ఖాతాల పాస్‌వర్డ్లు బయటపడ్డాయి. అలాంటి జాబితాలే ఇప్పుడు దొంగల చేతిలో తాళాల గుత్తి. జనం ఎక్కువగా వాడే పేర్లు, బిస్మిల్లా లాంటి మాటలు, పేరు వెనక 786 తగిలించినవి అందులో ముందు పరీక్షించేవే.

తాళంలో కూడా రకాలున్నాయి

పాస్‌వర్డ్ తాళంచెవి అయితే, తాళం వేరే ఉంటుంది. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అనే చోట దాని పేరు కనిపిస్తుంది.

డబ్ల్యూఈపీ: 1997లో వచ్చింది. 2001 కల్లా పరిశోధకులు దీన్ని పగలగొట్టే దారి చూపించారు. పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా ఇందులో కొద్ది నిమిషాల పనే. పాత డబ్బాలో ఇది కనిపిస్తే వెంటనే మార్చాలి.

డబ్ల్యూపీఏ: 2003లో తాత్కాలిక ఏర్పాటుగా వచ్చింది. ఇప్పుడు వాడకూడదు.

డబ్ల్యూపీఏ2: 2004లో వచ్చింది. 2006 నుంచి వైఫై సర్టిఫికెట్ ఉన్న పరికరాలన్నింటిలో తప్పనిసరి. పక్కన ఏఈఎస్ అని ఉండేలా చూసుకోవాలి. పాస్‌వర్డ్ పొడుగ్గా ఉంటే ఇంటికి ఇది సరిపోతుంది.

డబ్ల్యూపీఏ3: 2018లో వచ్చింది. పలకరింపును రికార్డు చేసుకుని ఇంట్లో కూర్చుని ఊహించే దారిని ఇది మూసేసింది. మీ డబ్బాలో ఉంటే ఇదే పెట్టండి. ఇంట్లో పాత ఫోన్లు కలవకపోతే రెండూ కలిపిన డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3 ఎంచుకోవచ్చు.

ఇంట్లో కూర్చుని చేసుకునే పనులు

1. ముందు సెట్టింగ్స్ పేజీ తెరవాలి. డబ్బా అడుగున స్టిక్కర్ ఉంటుంది. దాని మీద 192.168.1.1 లేదా 192.168.0.1 లాంటి అంకె రాసి ఉంటుంది. జియో డబ్బాలకు 192.168.29.1. ఫోన్ వైఫైకి కలిసి ఉండగా బ్రౌజర్‌లో ఆ అంకె కొడితే పేజీ వస్తుంది. జియో, ఎయిర్‌టెల్ వాళ్లకు మై జియో, ఎయిర్‌టెల్ థ్యాంక్స్ యాప్‌ల నుంచి కూడా వైఫై పేరు, పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన కనెక్షన్ అయితే లాగిన్ ఆయన దగ్గరే ఉండొచ్చు. ఆయన్ను పిలిచి, ఇంటివాళ్లు పక్కన కూర్చుని మార్పించుకోవాలి. కొత్త పాస్‌వర్డ్ ఇంటివాళ్లే ఫోన్‌లో కొట్టాలి.

2. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. చాలామంది మరిచిపోయేది ఇదే. వైఫై పాస్‌వర్డ్ ఇంటి తలుపు తాళంచెవి అయితే, అడ్మిన్ పాస్‌వర్డ్ బీరువా తాళంచెవి. చాలా డబ్బాలకు రెండు చోట్లా అడ్మిన్ అనే మాటే ఉంటుంది, అది అందరికీ తెలుసు. రెండింటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టొద్దు.

3. వైఫై పాస్‌వర్డ్, తాళం రకం మార్చండి. పైన చెప్పినట్టు ఐదు మాటలు, డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ లేదా డబ్ల్యూపీఏ3. మార్చగానే ఇంట్లో ఉన్న ఫోన్లు, టీవీ, కెమెరా అన్నీ ఊడిపోతాయి. కంగారు పడొద్దు, అన్నింటికీ కొత్తది మళ్లీ కొట్టాలి. పాత పాస్‌వర్డ్ తెలిసినవాళ్లందరూ ఒక్క దెబ్బతో బయటకు పోయేది కూడా అందుకే.

4. డబ్ల్యూపీఎస్ ఆఫ్ చేయండి. బటన్ నొక్కితే పాస్‌వర్డ్ లేకుండా కలిసే సదుపాయం ఇది. ఇందులో ఎనిమిది అంకెల పిన్ ఉంటుంది. డబ్బా ఆ పిన్‌ను రెండు సగాలుగా వేరువేరుగా సరిచూస్తుందని, కాబట్టి కోట్ల బదులు 11 వేల ప్రయత్నాలు చాలని 2011లో బయటపడింది. ఇది ఆన్‌లో ఉంటే మీ ఐదు మాటల పాస్‌వర్డ్‌ను పక్కన పెట్టి, ఈ కిటికీ గుండా వస్తారు.

5. రిమోట్ మేనేజ్‌మెంట్ ఆఫ్ చేయండి. బయటి ఊరి నుంచి డబ్బా సెట్టింగ్స్ తెరిచే సదుపాయం ఇది. ఇంట్లో ఎవరికీ దీని అవసరం ఉండదు.

6. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చూడండి. డబ్బా కూడా ఒక చిన్న కంప్యూటరే. 2017 అక్టోబర్‌లో డబ్ల్యూపీఏ2లోనే క్రాక్ అనే లోపం బయటపడింది. కంపెనీలు అప్‌డేట్ ఇచ్చి దాన్ని సరిచేశాయి. అప్‌డేట్ వేసుకోని డబ్బా, ఫోన్ అలాగే మిగిలిపోయాయి. ఎనిమిది, పదేళ్ల నాటి రౌటర్‌కు అప్‌డేట్లు రాకపోతే కొత్తది తీసుకోవడమే మంచిది.

7. వైఫై పేరు మార్చండి. ఇంటి పేరు, ఇంటి నంబర్, మనిషి పేరు పెడితే ఆ సిగ్నల్ ఎవరిదో గల్లీలో అందరికీ తెలిసిపోతుంది. ఎవరినీ గుర్తుపట్టలేని మామూలు పేరు పెట్టండి.

8. ఎవరెవరు కలిసి ఉన్నారో చూడండి. సెట్టింగ్స్‌లో కనెక్టెడ్ డివైజెస్ అనే జాబితా ఉంటుంది. ఇంట్లో ఫోన్లు ఎన్ని, టీవీ, కెమెరా ఎన్ని అని ముందు కాగితం మీద రాసుకుని లెక్క సరిచూడండి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 తర్వాతి ఫోన్లు తమ అసలు అడ్రస్ దాచి వేరే అడ్రస్ చూపిస్తాయి. కాబట్టి తెలియని పేరు కనిపించగానే ఎవరినీ అనుమానించొద్దు. ఇంట్లో ఫోన్లన్నింటికీ వైఫై ఆఫ్ చేసి, జాబితాలో ఇంకా ఎవరు మిగిలారో చూస్తే నిజం తెలుస్తుంది.

పాస్‌వర్డ్ బయటకు పోయే ఇంకో దారి క్యూఆర్ కోడ్. ఫోన్‌లో షేర్ నొక్కితే వచ్చే కోడ్‌ను ఫొటో తీసి పంపితే, పాస్‌వర్డ్ రాసి పంపినట్టే. వైఫై ఫ్రీగా దొరుకుతుందని చెప్పే యాప్‌లు కొన్ని ఉన్నాయి. అవి చుట్టుపక్కల వైఫైల పాస్‌వర్డ్లను వాడేవాళ్ల మధ్య పంచుతాయి. ఇంటికి వచ్చిన ఒక్క కుర్రాడి ఫోన్‌లో అలాంటిది ఉన్నా మీ పాస్‌వర్డ్ ఊరందరిదీ అవుతుంది.

పనికిరాని చిట్కాలు

వైఫై పేరు కనపడకుండా దాచేస్తే చాలని కొందరు చెప్తారు. పేరు దాచినా సిగ్నల్ దాగదు, ఫ్రీగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో అది కనిపిస్తుంది. ఎంచుకున్న ఫోన్ల అడ్రస్‌లకే అనుమతి ఇచ్చే మ్యాక్ ఫిల్టర్ కూడా అంతే. ఆ అడ్రస్‌ను నకలు చేయడం తెలిసినవాడికి నిమిషం పని. పైగా కొత్త ఫోన్లు అడ్రస్ మారుస్తాయి కాబట్టి ఇంటివాళ్లే బయట నిలబడాల్సి వస్తుంది. ఈ రెండింటి మీద టైమ్ పెట్టడం కంటే పాస్‌వర్డ్‌కు ఇంకో మాట కలపడం మంచిది.

కెమెరా ఉన్న ఇళ్లకు ప్రత్యేకంగా

మగవాళ్లు గల్ఫ్‌లో ఉన్న ఇళ్లలో గేటు దగ్గర, వాకిట్లో కెమెరా పెట్టించడం పెరిగింది. ఇంటి భద్రత కోసం పెట్టినదే ఇంటి పర్దాకు చిల్లు కాకూడదు. 2016లో మిరాయ్ అనే సాఫ్ట్‌వేర్ ప్రపంచమంతా లక్షల కెమెరాలను, రౌటర్లను పట్టేసింది. అది పెద్ద తెలివైనదేమీ కాదు. కంపెనీ ఇచ్చిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జతలు ఓ అరవై దాకా దగ్గర పెట్టుకుని ఒక్కోటీ వేసి చూసేది, అంతే. ఆ ఏడాది అక్టోబర్ 21న అలాంటి పరికరాలతోనే డిన్ అనే కంపెనీ మీద దాడి జరిగి, అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల పాటు తెరుచుకోలేదు. తమ కెమెరా ఆ పని చేస్తోందని ఇళ్ల యజమానులకు తెలియనే లేదు.

కాబట్టి కెమెరా బిగించిన రోజే దాని పాస్‌వర్డ్ మార్చాలి. బిగించినతని ఫోన్‌లో టెస్టింగ్ కోసం యాప్ పెట్టుకుని ఉంటే, ఇంటివాళ్ల ముందే తీసేయించాలి. దుబాయ్ నుంచి చూసేవాళ్లకు చూడటానికి మాత్రమే అనుమతి ఉన్న వేరే యూజర్ చేసి ఇవ్వాలి. కెమెరా వాకిలి వైపు, గేటు వైపే ఉండాలి. పడక గదిలో, ఆడవాళ్లు ఉండే లోపలి గదుల్లో అసలు వద్దు. పరికరాల్లో చెడ్డ సాఫ్ట్‌వేర్ ఉందని అనుమానం వస్తే, కేంద్రం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైట్‌లో ఉచితంగా శుభ్రం చేసే టూల్స్ దొరుకుతాయి.

పక్కింటివాళ్లు అడిగితే ఏం చేయాలి?

ఇది టెక్నాలజీ కంటే కష్టమైన ప్రశ్న. పడోసీ హక్కు పెద్దది. పరీక్ష ఉందని పక్కింటి అమ్మాయి, టికెట్ తీయాలని ఖాలా వచ్చి అడిగితే లేదనలేం. దీనికి డబ్బాలోనే ఒక దారి ఉంది, గెస్ట్ నెట్‌వర్క్. దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ ఉంటాయి. అందులో చేరినవాళ్లకు మీ కెమెరా, టీవీ కనిపించవు. పని అయ్యాక దాన్ని ఆఫ్ చేయొచ్చు, ఈద్ తర్వాత పాస్‌వర్డ్ మార్చొచ్చు. ఇంటి అసలు పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పనక్కరలేదు.

ఒక్క విషయం గుర్తుండాలి. గెస్ట్ నెట్‌వర్క్ మీ పరికరాలను కాపాడుతుంది కానీ, అందులో జరిగే పని కూడా మీ పేరు మీదే లెక్క. అందుకే తెలిసినవాళ్లకు, అవసరానికి ఇవ్వడం వేరు, కిరాయిదారులకు నెల నెలా ఇవ్వడం వేరు. వాళ్లను తమ పేరు మీద కనెక్షన్ తీసుకోమని మర్యాదగా చెప్పడంలో తప్పు లేదు. దుకాణంలో గిరాకీలకు ఇచ్చే వైఫై, ఇంటి వైఫై ఒకటే కాకుండా చూసుకోవాలి.

రెండో వైపు కూడా చూడాలి. మన ఇంటి పోరగాళ్లు పక్కవాళ్ల వైఫై పాస్‌వర్డ్ కనిపెట్టి గొప్పగా చెప్పుకుంటే నవ్వి ఊరుకోవద్దు. యజమాని అనుమతి లేకుండా నెట్‌వర్క్‌లోకి వెళ్లడం ఐటీ చట్టం సెక్షన్ 43 కిందకు వస్తుంది. మోసపూరితంగా చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఇతరుల ఇళ్లలోకి అనుమతి అడగకుండా వెళ్లవద్దని సూరహ్ నూర్ నేర్పిన మర్యాద గోడలకే కాదు, ఇలాంటి వాకిళ్లకు కూడా వర్తిస్తుందని పిల్లలకు చెప్పాలి.

నోటీసు వస్తే?

జాగ్రత్తగా ఉన్నా ఎప్పుడైనా పోలీసులు వచ్చి మీ నెట్ గురించి అడిగితే దాక్కోవద్దు, గొడవ పడొద్దు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ అమల్లో ఉంది. అరెస్టు అవసరం లేని కేసుల్లో హాజరు కమ్మని సెక్షన్ 35 కింద, పత్రాలు, పరికరాలు ఇమ్మని సెక్షన్ 94 కింద నోటీసు ఇస్తారు. ఆ కాగితం తీసుకోండి, కేసు నంబర్, స్టేషన్, అధికారి పేరు రాసుకోండి. ఫోన్, రౌటర్ తీసుకెళ్తే ఏమేం తీసుకున్నారో జాబితా రాసిమ్మని అడగండి.

సాక్షులుగా విచారించేటప్పుడు ఆడవాళ్లను, 15 ఏళ్లలోపు అబ్బాయిలను, 60 దాటిన మగవాళ్లను వాళ్లుండే ఇంట్లోనే అడగాలని, స్టేషన్‌కు రమ్మనకూడదని సెక్షన్ 179 చెబుతోంది. ఇంట్లో అమ్మీ, దుల్హన్ మాత్రమే ఉన్నప్పుడు ఈ సంగతి తెలిసి ఉండటం అవసరం. వకీలుకు స్థోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఏర్పాటు చేస్తుంది. దాని హెల్ప్‌లైన్ 15100.

నోటీసు వచ్చాక భయంతో రౌటర్ రీసెట్ కొట్టడం, ఫోన్‌లో చరిత్ర చెరిపేయడం అస్సలు చేయొద్దు. ఆధారం చెరిపేశారన్న కొత్త అనుమానం మొదలవుతుంది. బయటివాళ్లు మీ నెట్ వాడుతున్నారని మీకే ముందు తెలిస్తే, కనెక్టెడ్ డివైజెస్ జాబితాను తేదీ, టైమ్ కనిపించేలా ఫొటో తీసి పెట్టుకోండి. ఆ తర్వాతే పాస్‌వర్డ్ మార్చండి. నెట్ కంపెనీకి ఫిర్యాదు చేసి నంబర్ తీసుకోండి. మీ పేరు మీద ఏదైనా మోసం జరిగిందని అనుమానం ఉంటే 1930కి ఫోన్ చేసి, లేదా దగ్గరి స్టేషన్‌లో రాసిచ్చి రసీదు తెచ్చుకోండి. తర్వాత ఎవరు అడిగినా చూపించడానికి ఆ ఒక్క కాగితం పనికొస్తుంది.

ఈ పనులన్నీ ఒకే రోజు కాకపోతే మూడు ముందు చేయండి. అడ్మిన్ పాస్‌వర్డ్, వైఫై పాస్‌వర్డ్, డబ్ల్యూపీఎస్ ఆఫ్. గల్ఫ్ నుంచి భాయ్ వీడియో కాల్ చేసినప్పుడు ఆయన చెబుతుంటే ఇక్కడ పదో తరగతి పిల్లలు కూడా చేసేయగలరు. ఆ కాల్ మాత్రం వైఫై మీద కాకుండా సిమ్ డేటా మీద మాట్లాడండి, లేకపోతే పాస్‌వర్డ్ మారగానే కాల్ కట్ అవుతుంది. కొత్త పాస్‌వర్డ్లు రెండూ చిన్న కాగితం మీద రాసి, ఆధార్, రేషన్ కార్డు ఉన్న ఫైల్‌లో పెట్టండి. గోడ మీద, డబ్బా మీద రాసి అంటించొద్దు.